ప్రాగ్‌లో ఒంటరిగా, కాలినడకన: రోజుకో ఊరు

చెక్ దేశపు రాజధాని ప్రాగ్ వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఒకే దారిలో నడుస్తారు. పౌడర్ టవర్ దగ్గర మొదలుపెట్టి పాత ఊరి చౌకు, గడియారం, చార్లెస్ వంతెన, కోట చూసేస్తారు. మధ్యాహ్నానికి కాళ్లు పీకుతుంటాయి, ఫోన్ నిండా ఫొటోలుంటాయి, చూసిందేమిటో మాత్రం చెప్పలేరు. గుంపుతో వెళ్తే ఈ పరుగు తప్పదు. ఒంటరిగా వెళ్తే తప్పించుకోవచ్చు. నచ్చిన గోడ ముందు పావుగంట నిలబడినా అడిగేవాళ్లుండరు. అందుకే ఈ నగరాన్ని ఒంటరిగానే చూడమంటాను.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. మనం ప్రాగ్ అనుకునే పాత నగరం ఒకప్పుడు నాలుగు ఊళ్లు. వల్తవా నదికి కుడి ఒడ్డున పాత ఊరు స్తారే మ్యెస్తో, దాన్ని చుట్టుకుని కొత్త ఊరు నోవే మ్యెస్తో. ఎడమ ఒడ్డున కొండ కింద మలా స్త్రానా, కొండ మీద కోటను ఆనుకుని హ్రద్చానీ. వేటి పాలన వాటిదే, వేటి టౌన్‌హాలు వాటిదే. 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి నాలుగింటినీ కలిపి ఒక్క నగరం చేశాడు. కొత్త ఊరు అన్నామని మోసపోకండి, దాన్ని నాలుగో చార్లెస్ 1348లో కట్టించాడు. ఈ నాలుగు ఊళ్లనూ విడివిడిగా, నింపాదిగా నడవడమే ఇక్కడ చెప్పబోయే పద్ధతి. మూడు పూర్తి రోజులు, ముందు ఒక సాయంత్రం ఉంటే చాలు.

1. ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలలు నడకకు బాగుంటాయి. జులై, ఆగస్టుల్లో జనం ఎక్కువ. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగుకే చీకటి పడుతుంది, చలి ఎముకలు కొరుకుతుంది. కానీ తెల్లారేది ఎనిమిదింటికి కాబట్టి కంటినిండా నిద్రపోయి కూడా సూర్యోదయం చూడొచ్చు. జూన్‌లో అదే సూర్యోదయం కోసం నాలుగున్నరకు లేవాలి.

బస పాత ఊరి నడిమధ్యలో పెట్టుకోకండి. శుక్ర, శనివారాల రాత్రుళ్లు తాగి తిరిగే గుంపుల గోల ఉంటుంది, అద్దె కూడా ఎక్కువ. వినోహ్రదీ, లెత్నా, స్మీఖోవ్ పేటల్లో ట్రాం స్టాపుకు దగ్గరగా గది చూసుకోండి. అక్కడ మామూలు జనం ఉంటారు, కిరాణా కొట్లుంటాయి, పొద్దున్నే బ్రెడ్డు దొరుకుతుంది. ఒంటరిగా ఉన్నవాళ్లకు రాత్రి నడిచి వచ్చే దారి ముఖ్యం. బుక్ చేసే ముందు మ్యాప్‌లో స్టాపు నుంచి ఇంటి గుమ్మం దాకా వీధి ఫొటోలు చూడండి.

ఇండియా నుంచి వెళ్తే షెంగెన్ వీసా కావాలి. దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. జర్మనీలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలకు అక్కడి నివాస కార్డు, పాస్‌పోర్టు ఉంటే వేరే వీసా అక్కర్లేదు. రెండూ ఒంటి మీదే ఉంచుకోండి, సరిహద్దు దాటాక రైల్లో పోలీసులు అడగొచ్చు. డ్రెస్డెన్ నుంచి రెండున్నర గంటల ప్రయాణం. అటునుంచి వచ్చేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఎల్బె నది, దాని అవతలి ఇసుకరాతి కొండలు చాలాసేపు మీ వెంటే వస్తాయి.

2. ఒంటి మీద ఏముండాలి

అన్నిటికన్నా ముందు చెప్పులు. ఇక్కడి కాలిబాటలు పిడికిలంత చిన్న రాళ్లతో పరిచినవి, వీధులేమో ఎత్తుపల్లాల గుండ్రాళ్లు. వాన పడితే రెండూ జారతాయి. మందపాటి అడుగున్న, ఇప్పటికే కొన్ని వారాలు తొడిగి అలవాటైన బూట్లు వేసుకోండి. ప్రయాణం కోసం కొత్త బూట్లు కొనుక్కుని నేరుగా ఇక్కడికి రాకండి.

చిన్న సంచి, నీళ్ల సీసా, పవర్ బ్యాంకు, పల్చటి వాన కోటు చాలు. కుళాయి నీళ్లు తాగొచ్చు. ఊరి మ్యాపును నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఫోన్‌లో దింపుకోండి. బస చిరునామాను మాత్రం కాగితం మీద కూడా రాసుకుని జేబులో పెట్టుకోండి. పక్కన ఇంకో మనిషి, ఇంకో ఫోను లేనప్పుడు ఆ కాగితమే ఆసరా.

డబ్బు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్లో కొత్తవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. చెక్ దేశంలో చెల్లేది కొరునా, యూరో కాదు. దాదాపు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది కాబట్టి నగదు కొద్దిగా ఉంటే చాలు. ఆ కొద్దిదీ బ్యాంకు గోడకున్న ఏటీఎంలోనే తీయండి. పర్యాటకుల వీధుల్లో విడిగా నిలబెట్టిన యంత్రాల జోలికి వెళ్లకండి. ఏ యంత్రమైనా "మీ దేశపు కరెన్సీలోకి మార్చమంటారా" అని అడిగితే వద్దనే నొక్కండి, రేటు మీ బ్యాంకు చూసుకుంటుంది. వీధిలో నోట్లు చూపిస్తూ మంచి రేటు ఇస్తామనే మనిషితో మాటే కలపొద్దు. మారకపు దుకాణంలో రేటు అన్యాయమని బయటికొచ్చాక తెలిస్తే, 2019లో వచ్చిన చట్టం మీ పక్షాన ఉంది. మూడు గంటల్లోపు రసీదుతో తిరిగి వెళ్లి, వెయ్యి యూరోల విలువ దాకా మారకాన్ని రద్దు చేయించుకోవచ్చు. అందుకే రసీదు పారేయకండి.

ట్రాం, మెట్రో, బస్సు అన్నిటికీ ఒకటే టికెట్. సమయాన్ని బట్టి ధర ఉంటుంది. కాగితం టికెట్ కొంటే మొదటిసారి ఎక్కేటప్పుడు యంత్రంలో పెట్టి ముద్ర వేయించాలి. యాప్‌లో కొంటే ఎక్కకముందే యాక్టివేట్ చేయాలి. తనిఖీవాళ్లు మామూలు బట్టల్లో వచ్చి బిళ్ల చూపిస్తారు. ముద్ర లేని టికెట్ వాళ్ల లెక్కలో టికెట్టే కాదు.

ఇంకొకటి. కార్లు జీబ్రా గీతల దగ్గర మీ కోసం ఆగుతాయి, ట్రాంలు ఆగవు. ఇక్కడి చట్టం ప్రకారం జీబ్రా గీతల మీద కూడా ట్రాందే ముందు హక్కు. మన రోడ్ల మీద చెయ్యెత్తి ఆపినట్టు దాన్ని ఆపలేం. పట్టాలు దాటే ప్రతిసారీ రెండు వైపులా చూడండి.

3. దిగిన సాయంత్రం లెత్నా కొండ ఎక్కండి

మొదటి సాయంత్రం చౌకుకు పరిగెత్తకండి. పాత ఊరి నుంచి చెఖూవ్ వంతెన దాటితే ఎదురుగా మెట్లుంటాయి. పైన పెద్ద లోలకం ఒకటి అటూ ఇటూ ఊగుతుంటుంది. అక్కడ 1955లో స్టాలిన్ మహా విగ్రహం నిలబెట్టారు, 1962లో పేల్చేశారు. ఆ దిమ్మె మీద నిలబడి ఊరిని చూసుకోండి. ఎదురుగా నది, అవతల పాత ఊరి శిఖరాలు, కుడిచేతి వైపు మలా స్త్రానా, కోట కొండ. నది వంపు ఎటు తిరుగుతోందో గమనించండి. మీకు దిక్కు చెప్పేవి కోట, నది. పాత ఊరి సందుల్లో దారి తప్పినప్పుడు ఫోన్ తీయకుండానే తేరుకోవడానికి ఈ సాయంత్రం చూపు పనికొస్తుంది.

4. మొదటి రోజు: కొండ మీంచి కిందికి

అందరూ కింది నుంచి కోటకు ఆయాసపడుతూ ఎక్కుతారు. మీరు 22 నంబర్ ట్రాం ఎక్కి కోట దాటేదాకా వెళ్లి పొహోర్జెలెత్స్ స్టాపులో దిగండి. అక్కణ్ణుంచి రోజంతా దిగుడే. మరమ్మతులప్పుడు ట్రాం దారులు మారుతుంటాయి, ముందు రోజు రాత్రి యాప్‌లో సరిచూసుకోండి. జేబుదొంగలకు ఈ ట్రామంటే ఇష్టం. సంచి ముందుకు వేసుకోండి.

ఏడు, ఏడున్నరకు అక్కడుంటే మంచిది. స్త్రాహొవ్ మఠం పక్కన వాలులో నిలబడితే పొద్దుటి వెలుగులో ఊరంతా కింద పరుచుకుని ఉంటుంది. తర్వాత హ్రద్చానీ వీధుల్లోంచి కోట దాకా నడవండి. కోట ఆవరణలు పొద్దున్న ఆరుకే తెరుస్తారు, వాటికి టికెట్ లేదు. గుమ్మంలో సంచి తనిఖీ ఉంటుంది. భవనాల లోపలికి టికెట్ కావాలి, అవి తొమ్మిదికి తెరుస్తారు. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి కాబట్టి సెయింట్ వీటస్ కెథీడ్రల్ సందర్శకులకు మధ్యాహ్నం నుంచే.

కెథీడ్రల్ లోపలికి వెళ్లే ముందు దాని దక్షిణం వైపు, మూడో ఆవరణలో నిలబడండి. మీ కుడిచేతి వైపు భాగం 14వ శతాబ్దానిది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన మాత్యూ 1344లో మొదలుపెట్టాడు, అతని తర్వాత పీటర్ పార్లెర్ కట్టాడు. తర్వాత యుద్ధాలొచ్చాయి, డబ్బు లేక పని ఆగింది. సగం గుడి శతాబ్దాల పాటు అలాగే నిలబడింది. పెద్ద గోపురానికి ఎడమచేతి వైపు భాగం 19వ శతాబ్దం చివర్లో మొదలై 1929లో పూర్తయింది. అంటే మొదటి రాయికీ చివరి రాయికీ మధ్య 585 ఏళ్లు. ఈ రెండు కాలాలనూ మీ కళ్లతో వేరు చేయగలరేమో చూడండి. రాతి రంగు చూడండి, కిటికీల నగిషీ చూడండి. పది నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత లోపలికి వెళ్తే ఆ గుడి వేరేగా కనిపిస్తుంది, నామాట నమ్మండి.

పక్కనే పాత రాజభవనం. 1618 మే 23న ప్రొటెస్టెంట్ ప్రభువులు ఇద్దరు రాజ ప్రతినిధుల్ని, వాళ్ల గుమాస్తానీ ఇక్కడి కిటికీలోంచి కిందికి తోసేశారు. ముగ్గురూ బతికారు. కానీ దాంతో అంటుకున్న మంట ఐరోపాను ముప్ఫై ఏళ్లు కాల్చింది. ఆ కిటికీ దగ్గర నిలబడి కిందికి చూడండి. రేపు పాత ఊరి చౌకులో ఈ కథ తరువాయి భాగం నేల మీదే కనిపిస్తుంది.

కోట దిగేటప్పుడు నెరుదోవా వీధి పట్టుకోండి. ఇక్కడ తలెత్తి నడవాలి. 1770లో మరియా తెరెజా మహారాణి ఇళ్లకు నంబర్లు వేయించేదాకా ఇంటిని దాని బొమ్మతోనే గుర్తుపట్టేవాళ్లు. 12వ నంబర్ మీద మూడు ఫిడేళ్లు, అందులో ఫిడేళ్లు చేసేవాళ్లు ఉండేవారు. 47 మీద రెండు సూర్యులు, అది రచయిత యాన్ నెరుదా ఉన్న ఇల్లు. బంగారు తాళంచెవి, ఎర్ర గొర్రెపిల్ల ఎక్కడున్నాయో మీరే వెతుక్కోండి.

నంబర్ల సంగతి ఇక్కడే నేర్చుకోవడం మంచిది. ప్రతి ఇంటికీ రెండు పలకలుంటాయి. ఎరుపు పలక మీదిది ఆ పేట మొత్తం మీద ఆ ఇంటికి ఒక్కదానికే ఉన్న సంఖ్య. నీలం పలక మీదిది వీధిలో వరుస సంఖ్య. చిరునామాలో గీతకు ముందున్నది ఎరుపు, గీత తర్వాతది నీలం. వీధిలో ఇల్లు వెతకాలంటే నీలం చూడాలి. ఇది తెలియక ఒకే వీధిలో ముందుకూ వెనక్కూ తిరిగేవాళ్లు ఇక్కడ రోజూ కనిపిస్తారు.

మలా స్త్రానాలో మధ్యాహ్నం ఎండ వేళ వాల్డ్‌స్టైన్ తోటకు వెళ్లి కూర్చోండి. ఇప్పుడది చెక్ సెనేట్ ఉన్న భవనం తోట. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా తెరిచి ఉంటుంది, ప్రవేశం ఉచితం, నెమళ్లు తిరుగుతుంటాయి. సాయంత్రం కంపా దీవిలో నడిస్తే కొన్ని ఇళ్ల గోడల మీద వరద గుర్తులు కనిపిస్తాయి. 2002 ఆగస్టు వరద గుర్తు మీ ఎత్తుతో పోల్చి చూసుకోండి. గోదావరి గట్టున పెరిగినవాళ్లకు ఆ గీత విలువ వేరే చెప్పక్కర్లేదు.

5. రెండో రోజు: వంతెన, పాత ఊరు

చార్లెస్ వంతెనకు సూర్యోదయానికి ముందే చేరుకోండి. ఈ మొత్తం ప్రయాణంలో దేన్నైనా వదులుకోండి కానీ దీన్ని మాత్రం వద్దు. పదింటికి ఇక్కడ భుజాలు రాసుకునే జనం. తెల్లవారకముందు మీరు, పరుగు తీసేవాళ్లు ఒకరిద్దరు, పెళ్లి ఫొటోలు తీయించుకునే జంట ఒకటి, అంతే.

1357లో నాలుగో చార్లెస్ మొదలుపెట్టిన ఈ వంతెన పొడవు 516 మీటర్లు, పదహారు కమానులు. దీనికి ముందున్న యూదిత్ వంతెనను 1342లో వరద కొట్టుకుపోయింది. ముప్ఫై విగ్రహాల్లో ఎక్కువ భాగం 1683 తర్వాత వచ్చినవి, అంటే మొదటి మూడొందల ఏళ్లు వంతెన దాదాపు బోసిగానే ఉండేది. ఇప్పుడు మీరు చూసేవి చాలావరకు నకళ్లు. అసలువాటిని వాన నుంచి కాపాడటానికి మ్యూజియంలో భద్రపరిచారు. మొదట వచ్చిన విగ్రహం నెపొముక్ యాన్‌ది. ఆ మతాచార్యుణ్ణి రాజు 1393లో ఈ వంతెన మీంచే నదిలో తోయించాడు. మలా స్త్రానా వైపు నుంచి పాత ఊరి వైపుకు నడవండి, సూర్యుడు ఎదురుగా గోపురం వెనక నుంచి వస్తాడు. పాత ఊరి చివర దిగాక ఒడ్డు గోడలో గడ్డం మనిషి ముఖం చెక్కిన రాయిని వెతకండి. పేరు బ్రదాచ్. నీళ్లు ఆ గడ్డాన్ని తాకితే వరద వచ్చినట్టేనని పాత రోజుల్లో లెక్క.

ఇక్కణ్ణుంచి చౌకుకు అందరూ వెళ్లే కార్లోవా వీధిని వదిలేయండి. కుడివైపు సందుల్లోకి దిగి బెత్లెహెమ్ చౌకు మీదుగా వెళ్లండి. అక్కడి ప్రార్థనా మందిరంలో మత సంస్కర్త యాన్ హుస్ 1402 నుంచి జనం మాట్లాడే చెక్ భాషలో బోధించాడు. 1415 జులై 6న అతన్ని కొన్‌స్టాన్స్‌లో సజీవంగా కాల్చారు. ఇప్పుడున్న మందిరం 1950లలో తిరిగి కట్టింది.

నడుస్తుంటే రెస్టారెంట్లు, సారాయి గదులు నేలమాళిగల్లో ఎందుకున్నాయా అనిపిస్తుంది. వరదల బాధ తప్పించుకోవడానికి 13వ శతాబ్దంలో వీధుల మట్టం పెంచారు. అప్పటి నేల అంతస్తులే ఇప్పటి నేలమాళిగలు. మెట్లు దిగి కాఫీ తాగుతున్నారంటే ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఇంటి ముందుగదిలో కూర్చున్నారన్నమాట.

చౌకులో టౌన్‌హాలు గోపురం పక్కన నేల చూడండి. తెల్లరాళ్లతో పొదిగిన ఇరవై ఏడు శిలువలుంటాయి. నిన్న కోట కిటికీ దగ్గర మొదలైన తిరుగుబాటు 1620లో తెల్లకొండ యుద్ధంలో ఓడిపోయింది. 1621 జూన్ 21న ఇరవై ఏడు మంది నాయకుల్ని ఇక్కడే చంపారు. ఈ శిలువల మీదుగా, గమనించకుండానే, రోజూ వేలమంది గడియారం వైపు నడుస్తుంటారు.

గడియారం 1410 నాటిది. గంట కొట్టినప్పుడు పైన కిటికీల్లో అపొస్తలులు తిరిగేది ఒక నిమిషం లోపు ఆట. పొద్దున తొమ్మిదికి ఆట చూసేసి ముందుకు సాగండి, పన్నెండుకు ఆ గుంపులో నిలబడక్కర్లేదు. జేబుదొంగలూ తలెత్తి చూసేవాళ్ల కోసమే అక్కడుంటారు.

తర్వాత యోసెఫోవ్, యూదుల పేట. దీనికి కనీసం మూడు గంటలు ఇవ్వండి. శనివారాలు, యూదుల పండుగ రోజుల్లో మూసి ఉంటుంది కాబట్టి మీ రెండో రోజు శనివారమైతే మూడో రోజుతో మార్చుకోండి. మగవాళ్లు తల కప్పుకోవాలి, టోపీ దగ్గర పెట్టుకోండి.

పింకాస్ సినగాగ్‌లోకి, అంటే యూదుల ప్రార్థనా మందిరంలోకి, వెళ్లినప్పుడు ఫోన్ సంచిలో పెట్టేయండి. నాజీలు చంపిన బొహీమియా, మొరావియా యూదులు దాదాపు 78,000 మంది పేర్లు అక్కడి గోడల మీద చేత్తో రాసి ఉన్నాయి. ఊరి ప్రకారం, కుటుంబాల ప్రకారం, పుట్టిన తేదీతో. 1968 తర్వాత దాన్ని మూసేసి ఆ పేర్లు చెరిపేశారు. కమ్యూనిస్టు ప్రభుత్వం పోయాక, 1990లలో మళ్లీ ప్రతి పేరూ రాశారు. మేడ మీద తెరెజీన్ నాజీ నిర్బంధ శిబిరంలో ఉన్న పిల్లలు వేసిన బొమ్మలుంటాయి. గదులన్నీ చుట్టేయాలని చూడకండి. ఒక గోడ దగ్గర ఆగి, ఒక ఊరి పేర్లు మొదటి నుంచి చివరిదాకా చదవండి. పక్కన తొందరపెట్టే మనిషి లేనందుకు మీరు చేయగలిగిన మంచి పని ఇది.

బయట పాత శ్మశానంలో సుమారు 12,000 సమాధి రాళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. స్థలం చాలక మీద మీద మట్టి పోసి పొరలుగా పాతిపెట్టారు. 1787 తర్వాత ఇక్కడ ఖననాలు ఆపేశారు. ఆ రోజుకు ఇంకేమీ పెట్టుకోకండి. నది ఒడ్డున బెంచీ చూసుకుని కూర్చోండి.

6. మూడో రోజు: కొత్త ఊరు, విషెహ్రాద్

పౌడర్ టవర్ నుంచి నా ప్ర్జీకొప్యె వీధిలో నడవండి. పాత ఊరికీ కొత్త ఊరికీ మధ్య కందకం ఉండే చోటే ఈ వీధి. అది వాత్స్లావ్ చౌకు కింది చివరకు తెస్తుంది. చౌకంటారు కానీ, 750 మీటర్ల వెడల్పాటి రోడ్డు, ఒకప్పటి గుర్రాల సంత. పై చివర నేషనల్ మ్యూజియం ముందు కాలిబాట రాళ్లలోంచి కరిగి ఉబ్బినట్టున్న శిలువ ఒకటి కనిపిస్తుంది. సోవియట్ సైన్యాల ఆక్రమణకు నిరసనగా యాన్ పలఖ్ అనే విద్యార్థి 1969 జనవరి 16న ఇక్కడ ఒంటికి నిప్పంటించుకున్నాడు. అతని వయసు ఇరవై.

కొత్త ఊరి ఇళ్ల కింది నుంచి వీధికీ వీధికీ మధ్య కప్పున్న నడవాలుంటాయి, పసాజ్ అంటారు. లుత్సెర్నా పసాజ్‌లో తలకిందులుగా వేలాడే గుర్రం మీద, చౌకుకు పేరిచ్చిన సాధువు వాత్స్లావ్ కూర్చుని ఉంటాడు, శిల్పి డేవిడ్ చెర్నీ చేసింది. స్వ్యెతొజోర్ పసాజ్‌లోంచి వెళ్తే ఫ్రాన్సిస్కన్ల తోట వస్తుంది. వాన పడితే ఈ పూటంతా నడవాల్లోనే గడపొచ్చు.

మధ్యాహ్నం భోంచేశాక ట్రాం ఎక్కి అల్బెర్తోవ్‌లో దిగండి. 1989 నవంబర్ 17న విద్యార్థులు ఇక్కడే పోగయ్యారు. నాజీలు చెక్ విశ్వవిద్యాలయాల్ని మూసేసి సరిగ్గా యాభై ఏళ్లయిన రోజది. వాళ్లు నడిచిన దారిలోనే మీరూ నడవండి, సుమారు నాలుగు కిలోమీటర్లు. ముందు విషెహ్రాద్ కొండ. పైన శ్మశానంలో సంగీతకారులు ద్వొర్జాక్, స్మెతనా, చిత్రకారుడు ముఖా, రోబో అన్న మాటను ప్రపంచానికిచ్చిన రచయిత కారెల్ చాపెక్ సమాధులున్నాయి. విద్యార్థులు కవి మాఖా సమాధి దగ్గర కొవ్వొత్తులు పెట్టారు. అక్కడితో అయిపోవాల్సింది, కానీ జనం ఇళ్లకు పోలేదు. కొండ దిగి నది గట్టు వెంట నేషనల్ థియేటర్ దాకా వచ్చి కుడివైపు నారొద్ని వీధిలోకి తిరిగారు. పోలీసులు అక్కడ దారి మూసేసి కొట్టారు. ఆ తోరణాల నడవా గోడకు చేతులు చాచిన కంచు ఫలకం ఉంటుంది, చాలా రోజుల్లో దాని కింద పూలు, కొవ్వొత్తులు కనిపిస్తాయి. ఆరు వారాల్లో కమ్యూనిస్టు ప్రభుత్వం పోయింది, డిసెంబర్ 29న నాటక రచయిత హావెల్ అధ్యక్షుడయ్యాడు. చరిత్ర పుస్తకంలో ఇది రెండు వాక్యాలు. ఆ దూరం నడిచాక, చలికాలపు సాయంత్రం అంతమంది అన్ని గంటలు నడిచి వచ్చారన్నది కాళ్లకు తెలుస్తుంది.

7. తిండి

పనిదినాల్లో పదకొండు నుంచి రెండింటి దాకా "పొలెద్ని మెను" అన్న బోర్డు వెతకండి. ఆఫీసువాళ్ల కోసం చవగ్గా వండే మధ్యాహ్న భోజనం అది. ఒంటరిగా వచ్చి తినేవాళ్లు అక్కడ చాలామంది ఉంటారు, మొహమాటం అక్కర్లేదు. రద్దీ వేళ అపరిచితుల బల్ల దగ్గర ఖాళీ కుర్చీలో కూర్చోవడం ఇక్కడ మామూలే, ఒక మాట అడిగితే చాలు.

గులాష్, స్వీచ్కొవా రెండూ సాధారణంగా గొడ్డు మాంసంతో చేస్తారు. శాకాహారులు "బెజ్ మసా", అంటే మాంసం లేకుండా, అని అడగాలి. స్మాజెని సీర్ అంటే వేయించిన జున్ను ముక్క, బంగాళాదుంపలతో ఇస్తారు, కడుపు నిండుతుంది. సూపుల్లో మాంసపు రసం ఉండొచ్చు, అడిగి తీసుకోండి. చెక్ దేశంలో వియత్నాం వాళ్లు ఎక్కువ, వాళ్ల హోటళ్లలో అన్నం, నూడుల్స్, టోఫు, కాస్త కారం దొరుకుతాయి. మూడో రోజుకు మన నాలుక వెతుక్కునేది అదే.

దుకాణంలోకి వెళ్లగానే "దొబ్రీ దెన్" (నమస్కారం), వచ్చేటప్పుడు "ద్యెకుయి" (ధన్యవాదాలు) అనండి. పలకరించకుండా నేరుగా బేరంలోకి దిగితే ఇక్కడ ముఖం ముడుచుకుంటారు. పలకరిస్తే బిగిసిన ముఖం కూడా కాస్త వదులవుతుంది.

8. ఒంటరిగా ఉన్నప్పుడు

ప్రతి రాత్రి రేపటి దారిని ఇంట్లో ఒకరికి వాట్సాప్‌లో పెట్టండి. సాయంత్రం చేరాక ఒక మాట చెప్పండి. అత్యవసర నంబర్ 112. చీకటి పడ్డాక వాత్స్లావ్ చౌకులో క్లబ్బులకు పిలిచేవాళ్లు చేయి పట్టుకోబోతారు. ఆగకుండా, జవాబివ్వకుండా నడిచిపోండి. రాత్రంతా 90ల నంబర్ల ట్రాంలు తిరుగుతాయి, లజార్‌స్కా స్టాపులో అన్నీ కలుస్తాయి. ఆడపిల్లలు రాత్రి పదకొండు దాటాక డ్రైవరుకు దగ్గరి పెట్టెలో ఎక్కితే నిశ్చింత. టాక్సీ కావాలంటే యాప్‌లోనే పిలవండి, వీధిలో ఆగి ఉన్నది ఎక్కొద్దు.

ఒంటరితనం మూడో రోజు సాయంత్రం ఒక్కసారి మీద పడుతుంది, చాలామందికి అంతే. దానికి మందు జనం మధ్యకు వెళ్లడం. టిప్పులు తీసుకుని ఊరు చూపించే నడక బృందాల్లో రెండు గంటలు చేరండి, లేదా ఏదో ఒక చర్చిలో సాయంత్రం కచేరీకి టికెట్ కొనుక్కోండి. శనివారం పొద్దున అయితే నది గట్టున నాప్లావ్కాలో రైతుల సంత ఉంటుంది. ఆపిల్ పండ్లు, తేనె, రొట్టెలు అమ్మేవాళ్లతో చేతి సైగలతో గడిచే గంటలో ఎవరికీ ఒంటరితనం ఉండదు.

9. వెనక్కి బయల్దేరేటప్పుడు

ముఖ్య స్టేషన్లో రైలు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో ఆఖర్లో గాని బోర్డు మీద వేయరు. అరగంట ముందు వెళ్లి పెద్ద బోర్డు కింద నిలబడండి, వేయగానే కదలండి. మిగిలిన కొరునా నాణేలు ఏ మారకపు దుకాణమూ తీసుకోదు. స్టేషన్లో డబ్బు కట్టే మరుగుదొడ్డికి, దారిలో తినడానికి రొట్టెకు వాటిని ఖర్చుపెట్టేయండి.